కడిగిన టాపెట్లు

నేను షెడ్డుకి తిరిగి వచ్చేసరికి నాన్న స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పాత తువ్వాలు పరుచుకుని, మా పాత కారు ఇంజన్‌లోంచి నేను విప్పి పెట్టిన టాపెట్లు తుడుస్తున్నాడు. ఎనిమిదీ ఒకే బేసిన్‌లో తళతళలాడుతున్నాయి. ఏది ఎక్కడిదో తెలిసేలా నేను సుద్దతో అంకెలు వేసి పెట్టుకున్న చెక్క ట్రేని కూడా కడిగి గోడకి ఆరబెట్టాడు.

"జిడ్డు ఎలా పట్టేసిందో చూశావా? పొద్దుట్నుంచీ ఇదే పని," అన్నాడు గర్వంగా.

నేను బేసిన్ వైపూ, ఖాళీ ట్రే వైపూ చూశాను.

"ఏమీ అనకే," అంది అమ్మ గుమ్మంలోంచి. "ఇవాళ ఒక్కసారి కూడా వీధిలోకి వెళ్ళిపోలేదు. కిరసనాయిలు నేనే ఇచ్చాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఎవరి మీద చూపించను? చాలా రోజుల తర్వాత అమ్మ కాస్త నడుం వాల్చినట్టుంది, చెంప మీద దిండు అచ్చు ఇంకా పోలేదు.

ఈ పని నాకు నేర్పింది నాన్నే. పాత ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బులు తిరుగుతూ టాపెట్ల అడుగుని రుద్దుతుంటాయి. ఏళ్ళ తరబడి ఒకదానికొకటి అరిగి, ఒద్దికగా కుదురుకుంటాయి. "వాటికి పెళ్ళయిపోయినట్టే. ఒకదాని మొగుణ్ణి ఇంకోదానికి కట్టబెట్టావంటే రెండు కాపురాలూ కూలతాయి," అని నవ్వించేవాడు. టాపెట్లు తీస్తే వేటి వరసలో వాటిని పెట్టాలని ఆయన చెప్పినన్ని సార్లు అన్నం తినమని కూడా చెప్పి ఉండడు.

ఇప్పుడు ఒక్కోరోజు నేనెవరో ఆయనకి తెలియదు. "మీ నాన్నగారేం చేస్తుంటారమ్మా?" అని నన్నే అడుగుతాడు. మెకానిక్ అని చెబితే, మంచి పని అంటాడు. ఈ కారు స్టార్ట్ చేసి, ఆయన చెయ్యి మడ్‌గార్డ్ మీద ఆనిస్తే మాత్రం నేను మళ్ళీ చిన్నీనయిపోతాను. "చిన్నీ, ఆయిల్ చూశావా?" అంటాడు. అందుకే దీన్ని ఎలాగైనా బతికించుకోవాలని నా తాపత్రయం. ఈ క్యామ్‌షాఫ్ట్ తయారీ ఎప్పుడో ఆపేశారు. పాత సామాన్ల కొట్లన్నీ కాళ్ళరిగేలా తిరిగాను. షాఫ్టూ లేదు, కొత్త టాపెట్లూ లేవు.

భూతద్దం పెట్టి ఒక్కో టాపెట్ అడుగూ చూశాను. అన్నీ ఒకేలా అరిగి కనిపించాయి. చివరికి చేతికొచ్చినట్టు బిగించడం తప్ప దారి లేకపోయింది. రాపిడికి అరగకుండా ఉబ్బులకి చిక్కటి పేస్టు దట్టంగా రాశాను. జింక్ ఎక్కువున్న ఆయిల్ పోశాను. స్టార్ట్ కాగానే స్లోలో వదలకుండా యాక్సిలరేటర్ తొక్కిపట్టాను, అప్పుడే ఆయిల్ షాఫ్ట్ మీదికి బాగా చిమ్ముతుంది. చెయ్యగలిగిందల్లా చేశాను. అవేవీ చాలవని నాకు తెలుసు.

నాన్న మడ్‌గార్డ్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకున్నాడు. కాసేపు బాగానే ఉంది. తర్వాత టిక్కు టిక్కుమని మొదలైంది. లోపల ఇనుము ఇనుమును తినేస్తోంది. ఆపితే ఆయన చెయ్యి తీసేస్తాడు, ఆపకపోతే ఇంజన్ పోతుంది. కాలు తియ్యలేక అలాగే కూర్చున్నాను.

"ఆపు," అన్నాడు నాన్న కళ్ళు తెరిచి.

ఆపాను.

"టాపెట్లు తారుమారు చేశావు కదే చిన్నీ. నీకెన్నిసార్లు చెప్పాను?"

"అది కాదండీ, మీరే..." అంటూ అమ్మ అందుకోబోయింది. వద్దని కళ్ళతోనే బతిమాలాను.

"తప్పయిపోయింది నాన్నా."

"సరేలే, కానీ. విప్పితే వేటి చోట వాటిని పెట్టేసుకోవచ్చు." చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఏది ఎక్కడిదో గుర్తుందిగా?"

"గుర్తుంది," అన్నాను.

"ముందు వేడి తగ్గనీ," అన్నాడు.

వేడి తగ్గేలోపు నన్ను మర్చిపోతాడేమోనని భయమేసింది. చెయ్యి కాలుతున్నా స్పానర్ పట్టుకుని విప్పడం మొదలుపెట్టాను.