ఉడకని పప్పు, ఎక్కని మోపెడ్

కొత్తపేటలో ఏ బండి మొరాయించినా తాతాజీ మొదట అనుమానించేది నీటినే. చుట్టూ కాలవలు, వానలు. పెట్రోల్లోకో ప్లగ్గులోకో చెమ్మ చేరకుండా ఉండదు. బియస్సీ చదివి మెకానిక్ షెడ్డు పెట్టిన మనిషి. ఇన్నేళ్ళలో ఆ అనుమానం తప్పు కాలేదు.

పాడేరు దగ్గర కొండమీది ఊళ్ళో కూతురు దివ్య మోపెడ్ నల్లటి పొగ కక్కుతూ ఆగిపోతోందని తెలిసి బస్సెక్కాడు. దిగుతూనే ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్గు ఎండబెట్టి, కొత్త పెట్రోలు పోశాడు. బండి అందుకుంది గాని, మొదటి ఎత్తు దగ్గరే గుక్క తిప్పుకోలేక ఆగింది.

దివ్య అక్కడ నర్సు. తెల్లారితే పై ఊరి పిల్లలకి టీకాలు వెయ్యాలి. నడిచి వెళితే పెట్టెలో మంచు కరిగి మందు పాడవుతుంది. కిందటి నెల అలాగే అయింది. మళ్ళీ అయితే బదిలీ అడిగేస్తానంది.

"కిందోల బళ్ళు ఇక్కడ దగ్గుతాయి బాబూ. మనుషులే నయం, సర్దుకుంటారు," అన్నాడు టీకొట్టు అప్పన్న.

"ముందు టీ ఇవ్వవయ్యా, వైద్యం తరవాత చెబుదువుగాని."

మధ్యాహ్నం దివ్య అన్నం వడ్డించింది. "పప్పు మెదగలేదండి నాన్నగారూ. అమ్మ చెప్పినట్టే వండుతున్నాను. ఇక్కడెంత మంట పెట్టినా ఇంతే."

తాతాజీ నమలడం ఆపేశాడు. ఎత్తు మీద గాలి పల్చన. నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, ఆ వేడి పప్పుకి చాలదు. మరి ఇంజనుకి మాత్రం ఈ గాలి ఎలా చాలుతుంది? పెట్రోలు కొత్తపేట పాళ్ళలోనే దిగుతోంది.

చెయ్యి కడుక్కుని ప్లగ్గు మళ్ళీ విప్పాడు. తడి లేదు, అంతా మసి. పైగా మంచు పడే పొద్దుల్లోనూ ఒక్క తొక్కుకే అందుకోవాలని, అప్పట్లో ఈ బండి నడిపిన భార్య నాగదుర్గ కోసం పెట్రోలు పాలు తనే కాస్త ఎక్కువ పెట్టాడు. ఆవిడ పోయాక ఆ బండి కూతురికొచ్చింది. ఆ పాలు అలాగే ఉంది.

కార్బొరేటర్ మూత తీస్తే సన్నటి సూది బయటికొచ్చింది. దాని తల దగ్గర గాళ్ళు, ఒక గాడిలో చిన్న క్లిప్పు. క్లిప్పు పై గాడిలోకి మారిస్తే సూది కిందకి దిగి పెట్రోలు తగ్గుతుంది.

"మార్చెయ్యనా అమ్మా?"

"అమ్మ కోసం పెట్టింది కదండీ."

"మీ అమ్మకి కావలసింది బండి కదలడమే తల్లీ."

క్లిప్పు పట్టెయ్యకుండా సులువుగా జారి వచ్చింది. ఆవిడ దయ ఆ మాత్రం చాలనుకున్నాడు. సాయంత్రం బండి ఆ మొదటి ఎత్తు దాటి కొండ మలుపుదాకా ఆగకుండా ఎక్కి వచ్చింది.

తెల్లవారి దివ్య టీకాల పెట్టె వెనక కట్టుకుంది.

"కొత్తపేట వచ్చినప్పుడు మాత్రం క్లిప్పు పాత గాడిలో పెట్టాలి. లేకపోతే అక్కడి గాలికి పెట్రోలు చాలక ఇంజను వేడెక్కి పట్టేస్తుంది."

"ఆయ్. సెలవలకి వచ్చినప్పుడు మీరే మార్చండి. తిరిగొచ్చే ముందు కూడా మీరే మార్చాలండి."

మోపెడ్ చప్పుడు ఒక్కో మలుపూ దాటి పైకి పోయింది. అప్పన్న టీ తిరగబొయ్యడం ఆపి విన్నాడు.

"దగ్గు తగ్గింది బాబూ."

"పప్పు ముందే నానబెట్టుకోమని చెప్పడం మరిచిపోయేను," అన్నాడు తాతాజీ, గ్లాసు అందుకుంటూ.