ఎడమచేతి ఇంజన్

అల్లాబక్ష్ సీసాలో చూపుడువేలు ముంచి నాలుక మీద రాసుకున్నాడు. ఆముదమే. పల్లీనూనె కలవలేదు. మూత బిగించి సీసాను ఖాకీ అంగీ కింది జేబులో నిలబెట్టాడు. ఆ అంగీకి జేబులు ఎక్కువ. ఒకదానిలో పానా, ఒకదానిలో ప్లగ్గు, ఇంకొకదానిలో బీడీలు, గుండె మీది జేబులో గరుకు కాగితం ముక్కలు. కంటోన్మెంట్ వర్క్‌షాపులో పనిచేసిన రోజుల్లో తెల్లదొరలు ఇచ్చిన అంగీ అది. దొరలు పోయారు, అంగీ మిగిలింది. మోచేతుల దగ్గర భార్య జైనాబీ అతుకుల మీద అతుకులు వేసింది.

కార్ఖానా బస్తీలో అతని రేకుల షెడ్డు ముందు నుంచి ఢిల్లీ మిలటరీ లారీలు పోతున్నాయి. వారం కిందట అవి మొదటిసారి వచ్చినప్పుడు జనం పూలు చల్లారు. ఎదురుగా ఉన్న సైకిల్ దుకాణం ఆ రాత్రే కాలిపోయింది. దుకాణదారు ఏమయ్యాడో ఎవరూ అడగలేదు. కాలిన టైర్ల వాసన జైనాబీ వండే అన్నానికి కూడా పట్టింది.

"అంగీ మార్చి పో," అన్నది జైనాబీ, గుమ్మంలోంచి. "ఖాకీ కనబడితే కొడుతున్నరంట. ఎవడు రజాకారు, ఎవడు కాదు అని అడుగుతలేరంట."

"రజాకార్లే నన్ను కొట్టిండ్రు గదనే. ఇంక నేనేం రజాకారును?"

"ఆ ముచ్చట నీ నొసట రాసుందా?"

అతను కుడిచేయి చాచాడు. ఆమె రోజూ చేసినట్టే వంకరపోయిన వేళ్ళకు గుడ్డపీలిక గట్టిగా చుట్టింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఇక ముడుచుకోవు. చుడుతూ చుడుతూ నల్లగొండ దిక్కు నుంచి ఎవరైనా వచ్చారా అని అడిగింది. అక్కడ ఒక పల్లెలో వాళ్ళ కూతురు ఉంది. ఎవరూ రాలేదన్నాడు. అదీ ఆమె రోజూ అడిగేదే.

బుచ్చమ్మ కోసం రెండు ఇంజన్లు సిద్ధంగా ఉన్నాయి. ఆమెది తోట దున్నే మిషన్. అల్వాల్‌లో ఒక కర్నల్ దొర తన బంగ్లా వెనుక పూలతోట కోసం తెప్పించుకున్నది. రెండు చక్రాలు, వాటి వెనుక మట్టిని తిరగేసే ఇనుపగోళ్ళు, పట్టుకుని నడవడానికి మేడి లాంటి రెండు పిడులు. దొర పోతూ దాన్ని తోటమాలి సోమయ్యకు ఇచ్చిపోయాడు. సోమయ్య పోయాక అది అతని భార్య బుచ్చమ్మ చేతికి వచ్చింది. పూలు పోయి గోబీగడ్డ, టమాటా వచ్చాయి. ఆమె ఎడ్లను శ్రావణంలో రజాకార్లు తోలుకుపోయి కోసుకు తిన్నారు. అప్పటి నుంచి ఆ మిషనే ఆమెకు ఎడ్లు.

ఢిల్లీకీ నిజాం సర్కారుకూ చెడి సామాను రావడం ఆగిపోయాక ఇంజన్లకు పోసే నూనె దొరకలేదు. ఆముదం పోస్తే ఇంజన్ బతుకుతుందని అందరికీ చెప్పింది అల్లాబక్షే. బుచ్చమ్మ ఆముదం దొరక్క, ఏదైనా నూనే కదా అని పల్లీనూనె పోసింది. అది లోపల లక్కలా గట్టిపడింది. ఇంజన్ పట్టేసి, లోపలి కడ్డీ విరిగి, పక్కగోడ చీల్చుకుని బయటికి వచ్చింది.

ఇప్పుడు మిలటరీ వాళ్ళు లారీలు నిలపడానికి జాగా వెతుకుతున్నారు. శుక్రవారం వచ్చి చూస్తారని బంగ్లా లెక్కలు చూసే మున్షీ చెప్పాడు. దున్నిన నేలను వదిలేస్తారట, బీడు కనబడితే తీసుకుంటారట. ఈరోజు గురువారం.

లూకా బండి వచ్చింది. లూకా తిరుమలగిరి క్రిస్టియన్, కంటోన్మెంట్ సామాన్లు మోసే ఒంటెద్దు బండివాడు. ఇద్దరూ కలిసి ఇంజన్లను బండిలో గడ్డి మీద పడుకోబెట్టారు. ఒకటి మోటార్ సైకిల్ నుంచి ఊడదీసింది, తళతళా మెరిసేది. రెండోది మిలటరీ నీళ్ళపంపుది, పొట్టిగా, నల్లగా, పొయ్యి మీది కుండలా ఉంటుంది.

"గీ నల్లదాన్ని ఎవరు కొంటరు మిస్త్రీ? అది ఉల్టా తిరుగుతదంట గద," అన్నాడు లూకా.

"ఉల్టా తిరిగేటోళ్ళు సుత ఉంటరు లోకంల."

ఆ నల్ల ఇంజన్ వల్లే అల్లాబక్ష్ చేయి పోయింది. ఇంజన్‌ను లేపాలంటే దాని చక్రం చుట్టూ తాడు చుట్టి ఒక్క ఊపున లాగాలి. అన్ని ఇంజన్లకూ తాడు కుడిచేతి వాటంగా చుడతారు. దీనికి ఎడమచేతి వాటంగా చుట్టాలి. శ్రావణంలో రజాకార్లు దీపాల మిషన్‌కు ఇంజన్ కావాలని షెడ్డులోకి వచ్చారు. అప్పుడు మోటార్ సైకిల్‌ది ముక్కలుగా గోనెసంచిలో ఉంది. నల్లదే కనబడింది. వాళ్ళ సర్దారు అందరూ చుట్టినట్టే తాడు చుట్టి లాగాడు. ఇంజన్ ఎదురు తన్నింది. తాడు వెనక్కి గుంజుకుని అతని మణికట్టు కలుక్కుమంది. మళ్ళీ చుట్టాడు. మళ్ళీ తన్నింది. "ముసల్మానువై మాకే దగా చేస్తవా" అని, అల్లాబక్ష్ కుడిచేతిని దాగలి ఇనుపదిమ్మె మీద పెట్టించి తుపాకి మడమతో దంచాడు. మొదటి దెబ్బకు అల్లాబక్ష్‌కు కనబడింది చేయి కాదు, దాగలి మీద ఎగిరిన ఇనుపరజను. రెండో దెబ్బకు మోకాళ్ళ మీద పడ్డాడు. ఎడమవైపు చుట్టండి అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఎందుకు అనలేదో అతనికి ఇప్పటికీ తెలియదు. ధైర్యం కాదు. నోరు రాలేదు, అంతే. ఇంజన్ చెడిపోయిందనుకుని వాళ్ళు దాన్ని వదిలి, పెట్రోలు డబ్బాలు పట్టుకుపోయారు.

బండి లోతుకుంట దాటుతుంటే రోడ్డు పక్కన ఒక చెప్పు, చిరిగిన తురకటోపీ పడి ఉన్నాయి. లూకా ఎద్దును అదిలించాడు.

బుచ్చమ్మ గేటు దగ్గరే ఎదురు చూస్తోంది. సన్నటి మనిషి, పైకి దోపిన చీర, చేతిలో పార. మొదటి మాటే, "ఖాకీ ఏసుకొనొచ్చినవా భాయ్? నీకేమన్న తలకాయ ఉన్నదా?"

"తలకాయకు ఖాకీ లేదు గద చెల్లె."

ఆమె నవ్వలేదు. మెరిసే ఇంజన్ చూసి మాత్రం మొహం విప్పారింది. "గిదే పెట్టు. ఎంత సక్కగున్నది."

"చూపుకు గుర్రమే. దున్నుడు గుర్రంతోని అయితదా?"

"పెట్టి సూడు జెర. సూడకుంటనే వద్దంటే ఎట్ల?"

ఆమె తోట, ఆమె ఇష్టం. ఎడమచేత్తో పానా తిప్పుతూ, కుడి అరచేతి మొదలుతో నొక్కిపెడుతూ, మధ్యాహ్నానికి మెరిసే ఇంజన్‌ను బిగించాడు. లూకా సీసాలో అడుగున మిగిలిన పెట్రోలు పోశాడు. అల్లాబక్షే తాడు లాగాడు. ఇంజన్ కేక పెట్టింది. బుచ్చమ్మ పిడులు పట్టి గోళ్ళను నేలకు దించగానే మిషన్ మట్టిని దున్నకుండా దాని మీద ఎగిరింది. ఒక రాయి లేచి లూకా ముంజేతిని చీల్చింది. మిషన్ బుచ్చమ్మను పది అడుగులు ఈడ్చుకుపోయి పడేసింది. ఆమె చీరకుచ్చెళ్ళు గోళ్ళకు చుట్టుకుని, ఆమె నడుము మిషన్ కిందికి పోతోంది. అల్లాబక్ష్ మిషన్ మీద పడి, కాలుతున్న ఇంజన్‌కు రొమ్ము ఆనించి, ప్లగ్గు తీగను పళ్ళతో ఊడపీకాడు. కరెంటు షాక్‌కు అతని దవడలు కొట్టుకున్నాయి. ఇంజన్ ఆగిపోయింది.

చీరను కత్తితో కోసి ఆమెను విడిపించారు. పిక్క మీద చర్మం లేచి రక్తం మట్టిలోకి కారుతోంది. ఆమె ఆ రక్తం వంక కాదు, దున్నని నేల వంక చూసింది.

"నల్లది పెట్టు భాయ్," అన్నది.

పొద్దు వాలుతుండగా నల్ల ఇంజన్ ఎక్కింది. అది వెనక్కి తిరుగుతుంది కనుక చక్రాలకు పోయే తోలుపట్టాను నడుమ ఒక మెలిక తిప్పి వేశాడు. ఆ మెలికతో వెనక తిరిగేది ముందుకు తిరుగుతుంది. కిరసనాయిలు, ఆముదం పోశాడు. పెట్రోలు గుడ్డతో ఇంజన్ గాలి పీల్చే నోరు తడిపాడు. ఎడమవాటంగా తాడు చుట్టి, దాని కొసన ముందే చెక్కి తెచ్చిన కట్టెపిడి ముడివేసి, బుచ్చమ్మకు అందించాడు.

"నువ్వు గుంజు."

"నాతోని అయితదా? పాతదాన్ని సోమయ్య గుంజేటోడు. నేను గుంజితే భుజం పోయేది."

"నువ్వు కుడిచేత గుంజేదానివి. ఎడమచేత గుంజు."

ఆమె అతని మొహం వంక చూసింది. ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం పెట్టిందని తల్లి గరిట కాల్చి వాత పెట్టింది. పెళ్ళయ్యాక అత్త అందరి ముందూ ఆ చేతిని చీరకొంగుతో నడుముకు కట్టించింది. నలుగురిలో ఆమె ఆ చేతిని వెనక దాచుకునే తిరిగేది. అయినా పార పట్టినప్పుడు ఏ చేయి ముందుకు వస్తుందో అల్లాబక్ష్ ఎప్పుడో చూశాడు.

"గందుకే దీన్ని తెచ్చినవా?"

"నాకు సుత ఇప్పుడు ఎడమచెయ్యే మిగిలింది. మనిద్దరికే అక్కరకొస్తది ఇది."

అప్పుడు నవ్వింది. ఎడమచేత్తో పిడి పట్టి, కాలు తన్నిపెట్టి, లాగింది. ఇంజన్ ఒకసారి దగ్గి, రెండోసారి అందుకుంది. డుగ్ డుగ్ డుగ్‌మని, ముసలి ఎద్దు నెమరువేసినట్టు. గోళ్ళు నేలలోకి దిగి నల్లమట్టిని తిరగేశాయి. కుంటుతూ ఆమె చాళ్ళ మీద చాళ్ళు నడిచింది. అల్లాబక్ష్ గట్టు మీద కూర్చుని, కాలిన రొమ్ముకు ఆముదం రాసుకుంటూ, ఆ చప్పుడు విన్నాడు. బీడీ వెలిగించి కూడా తాగడం మరిచిపోయాడు.

బావి దగ్గరి మూల ఒక్కటి మిగిలింది. కర్ఫ్యూ వేళ అవుతోందని లూకా తొందర పెట్టాడు.

"ఈ రాత్రి ఈడనే పండు భాయ్," అన్నది బుచ్చమ్మ.

"జైనాబీ ఒక్కతే ఉన్నది. నేను పోకుంటే తలుపు తీసుకొని రోడ్డు మీద కూసుంటది."

ఆమె లోపలికి పోయి సోమయ్య తెల్లంగీ తెచ్చింది. ఉతికి, మడతపెట్టి, వేపాకు వేసి దాచింది. "ఆ ఖాకీ ఈడ ఇడిసి గిది తొడుక్కొని పో."

అతను అంగీ అందుకున్నాడు. తన చేతులు చూసుకున్నాడు, రొమ్ము చూసుకున్నాడు. ఒళ్ళంతా మసి, ఆముదం. అంగీని తాకితే మరక పడేటట్టు ఉంది. మడత విప్పకుండా చంకలో పెట్టుకున్నాడు.

పోయే ముందు మిషన్ దగ్గరికి వెళ్ళి, చల్లారిన ఇంజన్‌కు తాడు ఎడమవాటంగా చుట్టి, కుడిచేతిలో మిగిలిన మూడు వేళ్ళతో పిడిని పట్టి ఆమె చేతికి అందేటట్టు పైన నిలబెట్టాడు. "పొద్దుగాల లేచి గుంజుడే. ఆ మూల గడియల అయిపోతది."

తోవలో లూకా రెండుసార్లు చెప్పాడు. "ఏసుకోరాదు మిస్త్రీ. నీకేం తక్లీఫ్?"

"సోమయ్య అంగీ లూకా. ఆముదం మరక ఎన్ని నీళ్ళకు పోతది? ఇంటికి పోయి తానం జేసి ఏసుకుంట. రేపు జుమ్మా నమాజు సుత గద."

లోతుకుంట దగ్గర కొందరు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. పదిమంది ఉంటారేమో. గడ్డపారలు, బండికట్టెలు. ఎవరో ఎద్దు ముక్కుతాడు పట్టుకున్నారు. ఖాకీ అంగీ, గడ్డం, గుడ్డ చుట్టిన చేయి వాళ్ళకు ఒకేసారి కనబడ్డాయి.

"మిస్త్రీ ఆయన," అన్నాడు లూకా. "మన బుచ్చమ్మ తోట దున్నిపిచ్చి వస్తుండు. ఏసు మీద ఒట్టు."

"ఆ చేతికి ఏమైంది? తుపాకి పేలిందా?"

"రజాకార్లు దంచిండ్రు," అన్నాడు అల్లాబక్ష్. ఆ మాట విని వాళ్ళలో ఇద్దరు నవ్వారు. ఒక నడివయసు మనిషి మాత్రం నవ్వలేదు. అతని కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

"మా తమ్ముణ్ణి చెట్టుకు కట్టేసి కాల్చినోడు గిసొంటి అంగీ మీదనే ఉండె," అన్నాడు ఆ మనిషి. అరవలేదు. గడ్డపార ఎత్తాడు.

మొదటి దెబ్బ మెడ మీద పడింది. అల్లాబక్ష్ బండి మీంచి పక్కకు ఒరిగాడు. మిగతావాళ్ళు కట్టెలతో మీద పడ్డారు. లూకాను ఇద్దరు పట్టుకుని మొహం మట్టికి నొక్కారు. లూకాకు చప్పుళ్ళే వినబడ్డాయి, గోనెసంచి దులిపినట్టు. కేక ఒక్కటీ వినబడలేదు. జేబులోని సీసా పగిలి ఆముదం వాసన వచ్చింది. లారీ దీపాలు దూరంగా కనబడేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

తెల్లవారి లూకా బుచ్చమ్మ దగ్గరికి వచ్చాడు. అల్లాబక్ష్ శవాన్ని కార్ఖానాకు ఎట్లా తీసుకుపోయిందీ, జైనాబీ తలుపు తీసుకుని రోడ్డు మీదే కూర్చుని ఉన్నదీ చెప్పాడు. తెల్లంగీ తిరిగి ఇచ్చాడు. మడత చెదరలేదు. చంకలో అంత గట్టిగా నొక్కిపెట్టుకున్న చోట, ఒక అంచున మాత్రం కొద్దిగా తడి.

బుచ్చమ్మ దాన్ని గట్టు మీద పెట్టి తోటలోకి నడిచింది. మున్షీ, మిలటరీ వాళ్ళు పొద్దెక్కాక వస్తారు. బావి దగ్గరి మూల బీడుగానే ఉంది. మిషన్ దగ్గర ఆగి పిడి వైపు ఎడమచేయి చాచింది. లాగితే అల్లాబక్ష్ చుట్టిపోయిన తాడు మొత్తం విడిపోయి చేతిలోకి వస్తుంది. చేయి వెనక్కి తీసుకుంది. పార తెచ్చి, కట్టు కట్టిన కాలితో, ఎడమచేయి ముందుకు పెట్టి ఆ మూల తవ్వడం మొదలుపెట్టింది. జీపు వచ్చేసరికి ఆఖరి పెళ్ళ తిరగేస్తోంది. మిలటరీ ఆయన గేటు దగ్గరి నుంచే తోటంతా చూశాడు. నల్లగా, తడిగా, ఈ చివర నుంచి ఆ చివరకు దున్నిన నేల. తల ఊపి జీపు తిప్పమన్నాడు.

నల్ల ఇంజన్ చాళ్ళ నడుమ నిలబడి ఉంది. దాని చక్రానికి ఎడమవాటంగా చుట్టిన తాడు, పైకి నిలబెట్టిన కట్టెపిడి, పిడి మీద మసితో అచ్చుపడిన మూడు వేళ్ళు.