ఎడమవైపు గుండీలు

నల్లదారాన్ని మైనపు ముక్క మీద లాగి, సూదికి ఎక్కించి, కోటు అంచును మోకాలి మీద పరుచుకున్నాడు కాజా. దుకాణం వెనకగదిలో కిటికీ పక్క కుర్చీ అతనిది. ముందుగదిలో మాస్టరు కొలతలు తీసుకుంటాడు, కటింగు అతను కత్తిరిస్తాడు, మిషన్లవాళ్లు కుడతారు. కాజాలు తీసి గుండీలు పెట్టేది ఇతను. వయసులో ఉన్నప్పటి నుంచీ అదే పని, అందుకే ఆ పేరు. అసలు పేరు జీతమిచ్చే మాస్టరుకి కూడా గుర్తులేదు. సూదిపోట్లకి చూపుడువేలి చివర కాయ కాసింది. మెడ ఒక పక్కకి వంగి అలాగే నిలిచిపోయింది.

"ఈ ఉక్కలో ఆ స్వెట్టరేంటయ్యా? జ్వరమా?" అన్నాడు కటింగు అతను.

"చలిగా ఉంది."

"పెళ్లి వయసు దాటాక పట్టే చలికి మందు లేదులే!"

మిషన్లవాళ్లు నవ్వారు. కాజా చెయ్యి మెడ దగ్గరికి పోయింది. పైగుండీ పెట్టే ఉంది.

స్వెట్టరు కింద కొత్త చొక్కా ఉంది. పొద్దున వేసుకుంటుంటే అక్క చూసేసింది. "ఒరే, నిద్రకళ్లతో కుట్టావా? ఆడవాళ్ల చొక్కాలా గుండీలు ఎడమవైపు పెట్టుకున్నావు," అంది. అతను గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాడు. అక్క కాసేపు అతన్నే చూసింది. ఇంకేం అడగకుండా లోపలికెళ్లి అతని పాత స్వెట్టరు తెచ్చి భుజాన వేసింది. "నీ ఇష్టంరా. వీధిలో మాత్రం పైన ఇది ఉండనీ."

మగవాడి బట్టకి గుండీలు కుడివైపు, ఆడవాళ్ల బట్టకి ఎడమవైపు. కుట్టుపనికి వచ్చినవాడు మొట్టమొదట నేర్చుకునేది అదే. అది కాజా చేతిలో తప్పింది ఒక్కసారి, పెళ్లిళ్లలో పాడుకునే ఒకతని కోటుకి. కళ్లకి కాటుక, చేతులకి గాజులు, సన్నటి గొంతు. అతను వీధిలోకొస్తే పిల్లలు రాళ్లేసేవారు, పెద్దలు ఉమ్మేవారు. గాజులాయన అని వెక్కిరించేవారు. ఆ కోటు చూసి మాస్టరు కాజా చెంప పగలగొట్టాడు. గాజులాయన మాత్రం అద్దం ముందు నిలబడి ఆ గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుని, ఇటు తిరిగి, అటు తిరిగి చూసుకున్నాడు.

"ఉండనివ్వండి మాస్టారూ. ఇన్నాళ్లకి నాకు సరిగ్గా కుట్టినవాడు ఒకడు దొరికాడు."

ఆ కోటు వేసుకునే మొదటి పెద్ద కచేరీ చేశాడు. తర్వాత లోకం మారింది. అంటే, బట్టల వరకు మారింది. రాళ్లేసినవాళ్లు ఇప్పుడు కొడుకుల పెళ్లి కోట్లకి ఎడమ గుండీలే కావాలని పట్టుబడుతున్నారు. కుర్రాడి పెళ్లి కోటుకైతే అది ఫ్యాషను, పెళ్లి చేసుకోని పెద్దవాడి చొక్కాకైతే మాత్రం ఇప్పటికీ వేలెత్తి చూపిస్తారు. కొత్తగా పాడేవాళ్లందరిదీ ఆ సన్నటి గొంతే. చివరికి రేడియోలో సిమెంటు ప్రకటన కూడా ఆ గొంతులోనే కరిగిపోతోంది. వెక్కిరింపు పేరు పోస్టర్లకెక్కింది. మాస్టరు 'ఎడమ గుండీల కోటు పుట్టింది ఇక్కడే' అని బోర్డు రాయించుకున్నాడు. అయినా గాజులాయన దుకాణంలోకి వచ్చేది వెనకతలుపు నుంచే. ముందుగదిలో కుటుంబాలు కూర్చుంటాయి కదా అంటాడు మాస్టరు. ఆయన గుండీలు అందరికీ కావాలి. ఆయన పక్క కుర్చీ ఎవరికీ అక్కర్లేదు.

కిందటిసారి వచ్చినప్పుడు కోటు భుజాల మీంచి జారిపోయింది. అంత చిక్కిపోయాడు. నడుము లోపలికి కుట్టి గుండీలు జరపమన్నాడు. కాజా గుండుసూదులు గుచ్చుతుంటే మెల్లగా అన్నాడు:

"లోకానికంతా తిప్పి పెట్టావు. నీ చొక్కా మాత్రం ఎప్పుడూ కుడివైపే. ఎందుకు కాజా?"

"నాకెందుకు సార్ ఇవన్నీ..."

గాజులాయన అద్దంలోంచి అతన్ని చూశాడు. పెళ్లెందుకు చేసుకోలేదని ఊరంతా అడిగింది. ఆయనొక్కడే ఎప్పుడూ అడగలేదు. "ఒక్కసారి వేసుకో. నేను చూడాలి. కోటు తీసుకెళ్లడానికి వస్తాగా."

ఆ వచ్చేది ఇవాళే. వెనకతలుపు చప్పుడైతే స్వెట్టరు విప్పాలి. ఆయన చూడాలి. ఈ బతుక్కి అంతకు మించి కోరికేం మిగల్లేదు.

మధ్యాహ్నం తలుపు రెండుసార్లు చప్పుడైంది. ఒకసారి టీ వచ్చింది. ఒకసారి గాలి.

రేడియోలో ఆయన పాట వచ్చింది. మిషన్లవాళ్లు కాళ్లతో తాళం వేశారు. వెంటనే ఇంకో పాట, అదీ ఆయనదే. కటింగు అతను హుషారుగా సౌండు పెంచాడు. మూడోదీ ఆయనదే అయ్యేసరికి మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పాట ఆపి రేడియోలో మనిషి నోరు తెరవకముందే కాజాకి తెలిసిపోయింది. తెల్లవారుజామున, నిద్రలోనే పోయారని చెప్పాడు.

కాజా తలెత్తలేదు. చివరి గుండీ సగంలో ఉంది. పూర్తి చేశాడు. ముడివేసి, దారం పంటితో తెంపి, గుండీ పెట్టి చూశాడు.

మాస్టరు వచ్చి కోటు అందుకున్నాడు. "దుకాణం ముందు అద్దాల్లో పెడదాం. జనం విరగబడి వస్తారు."

"ఆయన వెనక నుంచే కదా వచ్చేది మాస్టారూ."

"ఇప్పుడవన్నీ ఎందుకురా?"

కాజా లేచి స్వెట్టరు విప్పాడు. తెల్లచొక్కా. మెడ నుంచి కింది దాకా ఎడమవైపు గుండీలు. ఎవరూ నవ్వలేదు. కటింగు అతను చేతిలో కత్తెర కింద పెట్టాడు.

"ఈ వయసులో ఇదేంట్రా?" మాస్టరు గొంతు తగ్గించాడు. "ఎవరైనా చూస్తే?"

"చూడాల్సినాయన చూడలేదు. ఇంకెవరు చూస్తే ఏంటి?"

అలవాటుగా వెనకతలుపు వైపు రెండడుగులు వేసి ఆగాడు. తిరిగి ముందుగదిలోకి నడిచాడు. కొలతల కోసం కూర్చున్న కుటుంబాల మధ్య నుంచి, మెడ ఒక పక్కకి వంచుకునే, వీధిలోని ఎండలోకి వెళ్లిపోయాడు.

విప్పిన బట్టని గుండీలు పెట్టకుండా వదలడం అతనికి చేతకాదు. కిటికీ పక్క ఖాళీ కుర్చీ వీపుకి అక్క ఇచ్చిన స్వెట్టరు తొడిగి ఉంది, మెడ దాకా బిగించి, గుండీలన్నీ కుడివైపు.