పై అరలో మూలిగే సీసా

మందులక్క దుకాణం పొద్దున్న ఎనిమిదింటికి తెరుచుకునేది. తెరవగానే ఆమె చేతులు కడుక్కుని, గోళ్లు చూసుకుని, పై అరలోని సీసాల మూతలు ఒక్కొక్కటీ బిగించి చూసేది. ఒంటికి రాసుకునే మందులు తప్ప అక్కడ ఇంకేమీ దొరకవు. ఎవరైనా తలనొప్పికి మాత్ర అడిగితే ఎదురు దుకాణాన్ని గడ్డంతో చూపించేది.

పై అర సీసాల్లో ఉండేవి మందులు కావు, దురదలు. మందు రాసి కాసేపు ఆగితే దురద పైకి తేలుతుంది. దాన్ని చెక్కపుల్లతో మీగడ తీసినట్టు తీసి సీసాలో పెట్టి, చీటీ అంటించాలి. "రంగులేసే ఆయన, కుడి మోచెయ్యి." "లెక్కల మాస్టారు, వీపు, చెయ్యి అందని చోటు." ఈ మాస్టారు రిటైరయ్యాక అప్పుడప్పుడూ వచ్చి, పాత విద్యార్థిని చూసినట్టు తన సీసాని చూసి పోయేవాడు. మునిసిపాలిటీ మనిషి ఏడాదికోసారి వచ్చి, మూతలు గట్టిగా ఉన్నాయని సంతకం పెట్టేవాడు. ఒక చలికాలం గడిస్తే సీసాలో దురద చచ్చి నీరైపోతుంది. తూములో పోసేస్తే సరి. అన్యాయంగా వచ్చిన దురద మాత్రం చావదు. ఆ సంగతి ఆ వీధిలో పాలు పోసేవాడికి కూడా తెలుసు.

నాలుగేళ్లుగా చావని సీసా ఒకటి ఉండేది. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా మూలిగేది. దాని చీటీ మీద "చెల్లెలు, ఎడమ ముంజెయ్యి" అని రాసి ఉంది.

చెల్లెలంటే మందులక్క సొంత చెల్లెలే. ఒకప్పుడు క్రీముల కంపెనీలో పనిచేసేది. ఆ యజమానిని ఊరంతా నున్నాయన అనేవారు. బుగ్గలూ నున్నన, మాటా నున్నన. కొత్త క్రీము కలిపినప్పుడల్లా ఆయన చెల్లెలి ముంజేతి మీద అంగుళం గడి గీసి, పూసి, కళ్లద్దాలు సర్దుకుని చూసేవాడు. రెండేళ్లలో నలభై గడులయ్యాయి. ఏ చిక్కదనం ఒంటి మీద ఎంతసేపు నిలుస్తుందో చెల్లెలి చేతికి కంఠతా వచ్చేసింది. నలభై ఒకటో గడి పొంగి, చిట్లి, చెయ్యంతా పాకింది. నున్నాయన ఆ క్రీముని ఆపలేదు, చెల్లెల్ని మాన్పించాడు.

"క్రీము తప్పు కాదమ్మా, నీ చర్మమే అంత," అన్నాడు.

అనేసి ఊరుకున్నా బాగుండేది. దుకాణదారులందరికీ అదే చెప్పాడు. ఒళ్లు బాగాలేని పిల్లని క్రీములమ్మే చోట ఎవరు నిలబెట్టుకుంటారు? చెల్లెలు అక్క దుకాణంలో వెనక గదికి పరిమితమైంది. మండుటెండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని మణికట్టు దాకా గుండీలు పెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం నున్నాయనే ఆ దుకాణం మెట్లెక్కాడు. మోచేతుల దాకా చర్మం ఎండి, పొలుసులు లేచి ఉంది.

"రేపు పదకొండింటికి దుకాణదారులందరినీ పిలిచానమ్మా. కొత్త క్రీము నా చేతి మీదే రాసి చూపించాలి. ఈలోపు కాస్త నెమ్మదించేదేదైనా ఇవ్వు."

"మీ క్రీమే రాసుకోకపోయారా బాబుగారూ?"

"మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?" అని నున్నగా నవ్వాడు.

మందులక్కకి ఎవరి చెయ్యైనా చెయ్యే. పట్టుకుని తిప్పి చూసింది.

"నీరు కారుతోందా?"

"లేదు."

"స్నానం చేశాక బిగదీసినట్టుంటుందా?"

"అచ్చం అలాగే."

గాజుపలక మీద మూడు చుక్కలు పెట్టింది. ఒకటి నీళ్లలాంటి లోషను, ఒకటి మెత్తటి క్రీము, ఒకటి చిక్కటి ఆయింట్‌మెంటు. చెమ్మ కారే చర్మానికి పలచనిది, మామూలుగా ఎండినదానికి మధ్యరకం, ఇలా పగిలినదానికి చిక్కనిది. నున్నాయన మూడూ వేళ్ల మధ్య రాసి చూసి, మొహం చిట్లించాడు.

"చిక్కనిది జిడ్డు. పలచనిదే ఇవ్వు."

"పలచనిది సాయంత్రానికే ఎగిరిపోతుందండీ," అంది చెల్లెలు, వెనక గది గుమ్మంలోంచి. "రేపటిదాకా నిలవాలంటే చిక్కనిదే. అది తనంతట తను ఏమీ ఇవ్వదు. లోపలున్నదాన్ని మాత్రం బయటికి పోనివ్వదు."

"అమ్మాయికి పని బాగా వచ్చునే. ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఒక పెద్దమనిషి దగ్గర."

నున్నాయన గుర్తుపట్టలేదు. రెండేళ్లూ ఆయన చూసింది చెయ్యినే, ముఖాన్ని కాదు. ఆ చెయ్యికేమో ఇప్పుడు గుండీలున్నాయి.

"కలిపి తెస్తాను," అంటూ చెల్లెలు పోతూపోతూ పై అరలోని సీసా దించింది. అక్క వెనకే గదిలోకి వెళ్లింది.

"వద్దే. ఒకరిది ఇంకొకరికి పూయకూడదు. అమ్మ మనకి చెప్పింది ఆ ఒక్కమాటే."

"ఇది ఇంకొకరిది కాదక్కా, ఆయనదే. నా దగ్గర దాచాడంతే."

"తప్పయితే?"

"తప్పయితే చావదుగా. అప్పుడు తీసి మళ్లీ నాకే పుయ్యి."

మందులక్క చాలాసేపు చెల్లెలి గుండీల వంక చూసింది. తర్వాత చెక్కపుల్ల తనే అందించింది. కలిపిన మందు బయటికి తెచ్చి నున్నాయన చేతికిస్తూ, "గోరువెచ్చటి నీళ్లతో చేతులు తడిపి, తడి ఆరకముందే రాసుకోండి. బాగా పట్టేస్తుంది," అని చెప్పింది. అది అందరికీ చెప్పే మాటే.

నాలుగేళ్లు సీసాలో ఉన్న దురద మేలుకోవడానికి కొంత సమయం పడుతుంది. మర్నాడు పదకొండింటికి హాల్లో అరవైమంది కూర్చున్నారు, చివరి వరసలో చెల్లెలు. నున్నాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, కొత్త క్రీము రాసి, మాట మొదలుపెట్టాడు. మొదట ఒక వేలు ముంజేతి మీదికి పోయింది. తర్వాత అయిదూ పోయాయి. ఆయన చేతి మీద ఎర్రటి గడులు లేస్తున్నాయి, ఒక్కొక్కటీ సరిగ్గా అంగుళం.

"ఏవండీ, మీ క్రీము మీకే పడలేదా?" అన్నాడు ముందు వరస దుకాణదారు.

"క్రీము తప్పు కాదండీ," అన్నాడు నున్నాయన గోక్కుంటూనే. "నా చర్మమే అంత."

"ఈ మాట ఇదివరకు విన్నాం," అన్నాడు ఆ దుకాణదారు. "ఆ అమ్మాయిని తీసేసినప్పుడు."

కుర్చీలు కదిలాయి. ఒక్కడూ ఒక్క డబ్బా కూడా చేత్తో ముట్టుకోలేదు. చెల్లెలికి ఆయన చేత ఆ మాట ఇంకోసారి అనిపించాలనుంది, కానీ వినడానికి హాల్లో ఎవరూ మిగల్లేదు.

మూడు వారాలకి కంపెనీ మూతబడింది. నున్నాయన చేతులకి గుడ్డ చుట్టుకుని దుకాణానికి వచ్చాడు. మందులక్క చెక్కపుల్ల తీసుకుంది, చెల్లెలు సీసా పట్టుకుంది. ఆ రోజు ఆమె గుండీలు విప్పి, జాకెట్టు చెయ్యి మోచేతి దాకా మడిచింది. ఆయన ఆ గడుల మచ్చలు చూశాడు, తర్వాత మొదటిసారి ముఖం చూశాడు.

"నువ్వా," అన్నాడు.

"నేనే బాబుగారూ. చెయ్యి కదపకండి."

నలభై ఒక్క పుల్లలు పట్టాయి. చీటీ మీద "నున్నాయన, ముంజెయ్యి" అని చెల్లెలే రాసింది.

ఆ చలికాలమంతా మందులక్క రోజూ ఆ సీసాని చెవి దగ్గర పెట్టుకుని దించేది. ఎండలు మొదలైన పొద్దున్న దించకుండా అలాగే నిలబడిపోయింది.

"ఏమంటోందక్కా?"

"ఏమీ అనట్లేదు. నీరైపోయింది."

చెల్లెలు సీసా తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. అడుగున నీళ్లే ఉన్నాయి, తేటగా.

"అప్పుడేనా," అంది కాస్త వెలితిగా.

తూములో పోసి, సీసా కడిగి బోర్లించి, పైకి మడిచిన జాకెట్టు చేతులతోనే ముందుకు వచ్చింది. కౌంటరు దగ్గర ఒకావిడ చెంప పట్టుకుని నిలబడి ఉంది.

"చెమ్మగా ఉందా అమ్మా, పొడిగా ఉందా?" అని అడిగింది చెల్లెలు.