నేమ్ సర్వర్లకి ముహూర్తం

మా కొండ ఊరు తాన్‌సేన్‌లో ఇప్పుడు దేనికైనా రిబ్బన్ కట్ చేస్తున్నారు. కుళాయికి కొత్త తల బిగించినా మైకు, మాలలు, మెడలో వేసే పట్టు ఖాదాలు. కిందటి మంసీర్ నెలలో ఒక వెబ్‌సైటుకి కూడా కట్ చేశారు. ఆ పూట ముందు వరుసలోనే కూర్చున్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వెబ్‌సైటు ఝుమా రానాది. ఊరి నడుమ శీతల్‌పాటి మండపం పక్కన నాకు టోపీల దుకాణం ఉంది. ఝుమా నేసిన ఢాకా గుడ్డతోనే నేను టోపీలు కుట్టిస్తాను. అన్నని పిలిచినట్టు నన్ను దాయ్ అంటుంది, చెల్లిని పిలిచినట్టు నేను బహిని అంటాను. చుట్టరికం ఏమీ లేదు, ఒకే వీధిలో పెరిగాం, అంతే. ఆ వీధి ఆడవాళ్లు చాలామంది ఆమె చెయ్యి కింద నేస్తారు. దసైఁ పండక్కి ముందు ఒసాకా నుంచి ఇకెదా అనే ఆవిడ వచ్చి ఆ గుడ్డ పట్టుకుని చూసి చాలాసేపు వదల్లేదు. వెనక్కి వెళ్లి, మంసీర్‌లో రాసింది: "మీ వెబ్‌సైటూ, తెహ్రథుమ్ నేతగాళ్ల వెబ్‌సైటూ ఈ శని ఆదివారాల్లో ఇంట్లో కూర్చుని చూస్తాను. సోమవారం పొద్దున గుడ్డ ఆర్డరు కోసం మా కంపెనీకి ఒకరి పేరు ఇచ్చేస్తాను."

ఆ ఆర్డరు వస్తే మగ్గాలు ఏడాది పొడుగునా ఆడతాయి. రాకపోతే సగం మంది ఆడవాళ్లు కొండ దిగి బుట్వల్ హోటళ్లలో గిన్నెలు తోముకోవాలి.

సైటు అప్పటికే ఉంది. చివర డాట్ ఎన్‌పీ అని మన దేశం గుర్తు ఉన్న పేరు. తెరుచుకోవడానికి ముసలాడు మెట్లెక్కినంతసేపు పట్టేది, కానీ తెరుచుకునేది. అలా వదిలేస్తే సరిపోయేది. కానీ ప్రబీన్ జ్ఞవాలీ అని ఒకడు కాఠ్మాండూలో ఏదో కోర్సు చదివి వచ్చాడు. పొగమంచులో కూడా నల్ల కళ్లద్దాలు తియ్యడు. సైటుని వేగంగా ఉండే కొత్త కంపెనీకి మార్చాలన్నాడు. దానికి ఆ పేరుని కొత్త కంపెనీ నేమ్ సర్వర్ల వైపు తిప్పాలన్నాడు.

"నేమ్ సర్వర్లంటే ఎవరు బాబూ?" అని అడిగాను.

"బస్ పార్కులో దిగినవాడు ఝుమా దీదీ ఇల్లెక్కడ అంటే చెయ్యి చూపించేవాడు ఉంటాడు కదా అంకల్, వాడే. ఇప్పుడు పాత ఇంటివైపు చూపిస్తున్నాడు. కొత్త ఇల్లు చూపించమని మనం కాఠ్మాండూ ఆఫీసుని అడుగుతాం. వాళ్లు సరే అంటే చెయ్యి ఇటు తిరుగుతుంది."

బాగానే చెప్పాడు. అతని నోట్లోంచి సరిగ్గా వచ్చిన మాట అదొక్కటే కాబట్టి జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నాను.

ఇందులోకి వార్డు అధ్యక్షుడు సోమనాథ్ పాండే దూరాడు. వార్డు తరఫున ఏదో సాయం చేశాడట, అందుకని ప్రారంభోత్సవం తన చేతుల మీదుగా జరగాలి. జ్యోతిషి దగ్గరికి వెళ్లి నేమ్ సర్వర్లకి సాయిత్ పెట్టించుకొచ్చాడు. పెళ్లికీ ప్రయాణానికీ మంచి ఘడియ పెట్టించినట్టే. శనివారం, మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందు.

బుధవారం అధ్యక్షుడూ ప్రబీనూ నా దుకాణంలోనే టీ తాగుతూ ఈ సంగతి చెప్పారు. మాకు వారం సెలవు ఆదివారం కాదు, శనివారం.

"శనివారం ఏ ఆఫీసు తెరుస్తారు అధ్యక్షజ్యూ?" అన్నాను. "సరే అనాల్సింది కాఠ్మాండూ వాళ్లు కదా."

ప్రబీన్ నవ్వి, టీ గ్లాసు నా కొత్త టోపీల పెట్టె మీద పెట్టాడు. "ఇంటర్నెట్‌కి శనివారం ఉండదు అంకల్. మీరు టోపీలు చూసుకోండి."

"మరి ఆ సరే నొక్కేవాడికి?"

"ఈ వయసులో మీకెందుకండీ ఈ టెన్షను" అన్నాడు అధ్యక్షుడు.

మూలన కూర్చున్న ఝుమా అప్పుడు నోరు విప్పింది. "దాయ్, ఘడియ జరుపుకునే సాయిత్ సార్నే చేద్దాం. ప్రయాణం రేపయితే, మంచి ఘడియ ఇవాళే వస్తే, వక్కా నాణెం మూటకట్టి పక్కింట్లో పెట్టి ఘడియ దక్కించుకోమా? ఇక్కడ తిరగేసి చేద్దాం. అసలు పని ఇవాళే కానిచ్చేద్దాం. శనివారం అధ్యక్షజ్యూ మూట కదిలిస్తారు, బటన్ నొక్కుతారు, ఫొటో తీసుకుంటారు. ఎవరికి తెలుస్తుంది?"

ఇంతకంటే తెలివైన మాట ఆ వారంలో మా ఊళ్లో ఎవరూ అనలేదు. అధ్యక్షుడి మొహం మాడిపోయింది. "అంటే నేను ఉత్త బటన్ నొక్కాలా బహిని? జనాన్ని మోసం చెయ్యమంటావా?" అన్నాడు. ఆయన ప్రారంభించిన కుళాయిల్లో ఇప్పటికీ నీళ్లు రావు. కానీ మోసం మాట వస్తే అంత పట్టింపు.

"కంప్యూటర్ పనికి వక్కలూ మూటలూ ఏంటి దీదీ" అని ప్రబీన్ ఇంకా నవ్వాడు. ముహూర్తం పెట్టుకున్నవాడికి మూట మాత్రం నవ్వొచ్చింది.

శుక్రవారం ఇంకో ఘనకార్యం చేశాడు. పాత కంపెనీలో సైటుని పూర్తిగా మూసేశాడు. ఝుమా కంగారుపడి అడిగితే, "పాత ఇల్లు ఖాళీ చెయ్యకుండా కొత్తింట్లో పూజ ఎవరు చేస్తారు దీదీ?" అన్నాడు.

"కొత్తింటి తాళం చేతికొచ్చాక ఖాళీ చేస్తారు భాయ్" అంది ఝుమా. వినలేదు.

శనివారం శీతల్‌పాటి ముందు షామియానా, పెద్ద తెర. ఒసాకాకి పంపడానికి ఝుమా కొత్త అల్లికతో గుడ్డ నేసి నాచేత ఒక టోపీ కుట్టించింది. అంత పల్చగా, అంత గట్టిగా వచ్చిన గుడ్డని నా దుకాణం వయసులో నేను చూడలేదు. అందరూ చూస్తారని దాన్ని బల్ల మీద పెట్టింది. ప్రబీన్ సన్మానానికి టోపీ తేవడం వార్డు వాళ్లు మర్చిపోయారు. ఎవరో చెయ్యి చాచి బల్ల మీది టోపీ అందుకున్నారు. అధ్యక్షుడు దాన్ని ప్రబీన్ తలకి తొడిగాడు. చప్పట్లు. ఝుమా సగం లేచి మళ్లీ కూర్చుంది. వేదిక మీద అంతమంది పెద్దమనుషులు ఉంటే మనవాళ్లు అలాగే కూర్చుంటారు, నాతో సహా.

ఘడియ వచ్చింది. శంఖం ఊదారు. అధ్యక్షుడు బటన్ నొక్కాడు. తెర మీద తెల్లటి పేజీ, ఈ చిరునామా దొరకడం లేదు అని మధ్యలో ఒక ముక్క. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. బస్ పార్కులో చెయ్యి చూపించేవాడు ఖాళీ చేసిన ఇంటివైపే చూపిస్తూ నిలబడ్డాడు. వాణ్ని తిప్పాల్సినవాళ్లు కాఠ్మాండూలో సెలవు రోజు పప్పన్నం తింటున్నారు.

"సర్వర్ బిజీగా ఉంది, ప్రపంచమంతా మనదే చూస్తోంది" అని ప్రబీన్ మైకులో చెప్పాడు. దానికీ చప్పట్లు కొట్టారు.

ఆదివారం ఆఫీసు తెరిచారు, సరే అన్నారు. కొత్త దారి అన్ని దేశాలకీ తెలిసేసరికి సోమవారం సాయంత్రమైంది. పేజీ అందంగా తెరుచుకుంది. పైన అధ్యక్షుడి ఫొటో, దాని కింద ప్రబీన్ పేరు, బాగా కిందకి దిగితే మగ్గాలు.

ఇకెదా ఉత్తరం ఆ పొద్దున్నే ఫోనులోకి వచ్చేసింది. రెండు రోజులూ ప్రయత్నించాను, మీ పేజీ తెరుచుకోలేదు, చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది, తెహ్రథుమ్ వాళ్ల పేరు ఇచ్చేశాను, క్షమించండి అని. కొత్త అల్లిక టోపీ ఒకటి చేశామన్నారు కదా, అది పంపితే వచ్చే ఏటికి చూపిస్తాను అని చివర్లో రాసింది.

ఝుమా నా దుకాణంలోనే అది చదివి, ఫోను కొంగులో పెట్టుకుని బయటికి నడిచింది. వెనకే వెళ్లాను. ఎదురుగా బటుక్ గారెలు వేయించే కొట్టు ముందు ప్రబీన్ నలుగురిని కూర్చోబెట్టుకుని సైటు ఎలా తిప్పాడో చెబుతున్నాడు. తల మీద అదే టోపీ. ఝుమా దగ్గరికి వెళ్లి రెండు చేతులతో ఆ టోపీ ఎత్తి తీసుకుంది. మాలో నలుగురి ముందు మగవాడి తల మీద టోపీ తీయడమంటే ఎంత అవమానమో అక్కడున్న అందరికీ తెలుసు. కొట్టువాడి చేతిలో గరిట ఆగిపోయింది.

"దీదీ, అది సన్మానంలో ఇచ్చింది" అన్నాడు ప్రబీన్, తల తడుముకుంటూ.

"సన్మానం ఉంచుకో భాయ్. టోపీ నాది."

అంచుకి అంటిన నూనె మరకని కొంగుతో తుడిచింది. నా దగ్గర కాగితం అడిగి పొట్లం కట్టింది. అలాగే పోస్టాఫీసు వైపు వెళ్లిపోయింది. అది తెరిచే ఉంది. శనివారం కాదు కదా.