మేత బీడుకు కంచె

ఆ పొద్దున కొండెక్కినప్పటి నుంచీ దావూద్‌కు ఒళ్లు మండుతూనే ఉంది. సౌదీలోని ఖమీస్ ముషైత్ అవతల, కొండమీది మేత బీడు చుట్టూ కందకం తవ్వమని, వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న కఫీల్ అతణ్ణి జేసీబీతో పంపాడు. అప్పటికే చుట్టూ ఇనుప జాలీ కంచె లేచింది. కింది ఊళ్లవాళ్లు తాతల నాటి నుంచి మేకల్ని మేపుకునే బీడది. వాళ్లు కోర్టుకెక్కారు. తీర్పు వచ్చేదాకా అక్కడ ఎవరూ ఏ పనీ చెయ్యకూడదని జడ్జి చెప్పిన సంగతి దావూద్‌కు దారిలో టీ కొట్టు దగ్గర తెలిసింది.

ఫోర్‌మన్ నయీమ్ హైదరాబాదు మనిషి. అతణ్ణే నిలదీశాడు.

"గవన్నీ నీకెందుకు భాయ్? కోర్టు సంగతి కఫీల్ చూస్కుంటడు. తీర్పొచ్చే లోపల పని అయిపోవాలె. నువ్ తవ్వు."

దావూద్ పళ్లు బిగించి కొంత దూరం తవ్వాడు. ఇంతలో ఒక ముసలామె మేకల్ని తోలుకుంటూ వచ్చి బండికి అడ్డంగా నిలబడింది. కంచె లోపలి నీటి గుంటను కర్రతో చూపించి, "హరామ్" అంది, ఇది పాపమన్నట్టు.

"హారన్ కొట్టు! ముంగటికి పోనియ్, ఆమెనే జరుగుతది!" నయీమ్ కేకేశాడు.

దావూద్ చెయ్యి కదల్లేదు. రాయచోటి దగ్గర వాళ్ల ఊరి గుట్టకు ఒక పెద్దమనిషి కంచె వేసిన రోజు, అమ్మ మదార్బీ కూడా ఇలాగే జేసీబీకి అడ్డం పోయింది. డ్రైవర్ హారన్ కొడుతూ మీదికే తోలాడు. పక్కకు దూకబోయి ఆమె మోకాలు పగలగొట్టుకుంది. ఆ కేసు ఇంకా వాయిదాల్లోనే నలుగుతోంది. మేపే చోటు లేక ఇంట్లోవాళ్లు మేకల్ని ఎప్పుడో అమ్ముకున్నారు. ఆ డ్రైవర్ని దావూద్ తిట్టని తిట్టు లేదు.

ఇంజన్ ఆపి దిగాడు. తాళం చెవి నయీమ్ కాళ్ల ముందు విసిరికొట్టాడు.

"నేను తవ్వను పో! జడ్జి వద్దన్న పని దొంగతనంగా నాతో చేపిస్తాండారా? ముసలామె మీదికి బండి తోలమంటాండావే, నీకు అమ్మ లేదా?"

"దిమాగ్ ఖరాబైందా? కఫీల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తడు!"

"పంపీమను!"

కఫీల్ నిజంగానే వీసా రద్దు చేసి ఎగ్జిట్ కొట్టేశాడు. మర్నాడే వేరే డ్రైవర్ వచ్చి కందకం పూర్తిచేశాడు.

దావూద్ సామాను సర్దుకుంటుండగా నయీమ్ ఫోన్ చేశాడు. కోర్టు మనుషులు వచ్చి చూసి, కందకం పూడ్చమన్నారట.

"కంచె?"

"అది జడ్జి చెప్పక ముందే ఏసింది కదా. తీర్పొచ్చేదాక ఉంటదంట."

"అంతవరకూ మేకలు యాడ మేయాల?"

దావూద్ నోటికొచ్చిన బూతు తిట్టి ఫోన్ పెట్టేశాడు.