ఇసుకపేటకు వెళ్లిన పుస్తకాల బండి

నేను ఒక మూడు చక్రాల బండిని. కూరగాయలు మోయలేదు, ఐసు గడ్డలు మోయలేదు, పుస్తకాలు మోశాను. ఈ మాట గర్వంగా చెప్పుకోవాలనే ఉంది. కానీ నాతో మనుషులు చేయించిన పనులు తలుచుకుంటే గర్వం కన్నా ముందు విసుగొస్తుంది.

ఒడిశా తీరంలో ఒక పట్నం. ఆ పట్నం చివర, సముద్రపు ఒడ్డున ఇసుకలోనే ఇళ్లు వేసుకున్న తెలుగు మత్స్యకారుల పేట ఉంది. ఇసుకపేట అంటారు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వలలు భుజాన వేసుకొచ్చి అక్కడే ఉండిపోయారు. బజారులో ఒడియా మాట్లాడతారు, ఇంట్లో తెలుగు. పట్నంలోని లైబ్రరీ గోడ పక్కనే వాళ్ల ఆడవాళ్లు చేపలమ్ముతారు. గేటు దాటి లోపలికి మాత్రం ఎవరూ రారు. ఎందుకు రారని లైబ్రరీ పెద్దలకు ఉన్నట్టుండి అనుమానం వచ్చింది. రాకపోతే మనమే వాళ్ల దగ్గరికి వెళ్దాం అనుకున్నారు. అలా నేను పుట్టాను.

రిక్షా చట్రానికి రేకు పెట్టె బిగించి, రెండు పక్కలా తలుపులు పెట్టి, నీలం రంగు వేశారు. ‘ఉచితంగా పుస్తకాలు’ అని తెలుగులో రాయమని పెయింటరుకు కాగితం ఇచ్చారు. పాపం, అతనికి తెలుగు రాదు. చోటు చాలక ఒక అక్షరం మింగేశాడు, ఇంకో అక్షరానికి తోచిన గుర్తు తగిలించాడు. చివరికి నా ఒంటి మీద ‘ఉచితంగా పుస్తెలు’ అని తేలింది. చూసిన అధికారుల్లో ఒక్కరికీ తెలుగు రాదు. చాలా బాగుందన్నారు. దండ వేశారు, ఫొటో తీశారు.

నా లోపల పెట్టిన పుస్తకాల సంగతి చెప్పనా? ఎవరో దానమిచ్చిన తెలుగు పుస్తకాలవి. మిరప తోటలో తెగుళ్లు, ట్రాక్టరు మరమ్మతు, బ్యాంకు పరీక్షల గైడ్లు. పిడికెడు మట్టి లేని ఇసుకలోకి మిరప తోటను మోసుకెళ్లాను. నాలుగు నవలలు మాత్రం పొరపాటున కలిసి వచ్చాయి.

నా వెంట వచ్చే లైబ్రేరియన్ పేరు ప్రణతి జెనా. మంచి అమ్మాయి. మొదటి రోజు పేటలో నిలబడి, పుస్తకం గొప్పతనం గురించి ఒడియాలో ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది. వల బాగుచేసుకుంటున్న ఆడవాళ్లు తల ఎత్తలేదు. అప్పుడు ఒక గుమ్మంలోంచి నవ్వు వినిపించింది.

నవ్వింది లోలాక్షి. శ్రీకాకుళం పక్క నుంచి కోడలిగా వచ్చిన పిల్ల. తెలుగులో పదో తరగతి చదివింది, ఒడియా ముక్క రాదు. వచ్చినప్పటి నుంచి బజారు బోర్డు చదవలేక, బస్సు మీద ఊరి పేరు చదవలేక, గుడ్డిదానిలా తిరుగుతోంది. ఆ పిల్ల నా మీది అక్షరాలు చదివి కడుపు పట్టుకుని నవ్వుతోంది.

“ఓలత్తా! ఈ బండోలు ఊరికే పుస్తెలిత్తారంట! పెళ్లికొడుకుని మనమే తెచ్చుకోవాలేమో!”

ఆమె అత్త సూరాడ ఎర్నమ్మ ఆ నవ్వు వినడం అదే మొదలట. చేతిలో వల వదిలేసి కోడలి ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఒడియాలో ప్రణతికి సంగతి చెప్పింది. ప్రణతి ముఖం ఎర్రబడింది. మర్నాడు తనే రంగు డబ్బా తెచ్చి, లోలాక్షి చేత సరిగ్గా రాయించింది.

నవలల్లో ఒకటి సుభద్ర అనే ఇల్లాలి కథ. దాన్ని ఇంటికి తీసుకుపోతానని లోలాక్షి అత్త చేత అడిగించింది. కార్డు కావాలంది ప్రణతి. కార్డుకు ఇంటి పన్ను రసీదు కావాలి. ఇసుకలో ఇంటికి నంబరే లేదు, ఇక పన్నెవరు వేస్తారు? గుమ్మం దాకా పుస్తకం తెచ్చి, గుమ్మానికి నంబరు లేదని వెనక్కి పట్టుకుపోయే ఈ తెలివిని ఏమనాలో నాకు తెలియదు.

“అయితే ఇక్కడే సదువుతాను” అంది లోలాక్షి. నా నీడలో కూర్చుని చదవడం మొదలుపెట్టింది. పక్కన చేపలు ఎండబెడుతున్న ఆవిడ, “ఆ సదివేదేటో గట్టిగా సదవే, మాకూ ఇనబడతాది” అంది. అంతే. పడవలొచ్చి, చేపల బేరాలు ముగిశాక, రోజూ నా చుట్టూ ఆడవాళ్లు చేరేవారు. వింటూనే వలలు అల్లేవారు. సుభద్రను మొగుడు కొట్టిన రోజున ఒకావిడ అల్లిక తప్పి ముడి విప్పుకోలేక ఏడ్చింది. ఎర్నమ్మ మొదట్లో, “సేపలు కుళ్లిపోతన్నాయి, మీ సుభద్రొచ్చి అమ్ముతాదేటి?” అని కసిరేది. కసురుతూనే వచ్చి ముందు వరసలో కూర్చునేది.

సుభద్ర చంకన పసిపిల్లతో రైలెక్కింది. సరిగ్గా అక్కడ లైబ్రరీ పెద్దలు నన్ను ఇక పేటకు వెళ్లొద్దన్నారు.

కారణం వినండి. ఇసుకపేటలో ఒక్క పుస్తకం కూడా ఎవరూ తీసుకోలేదట, వాళ్లకు చదువు మీద ఆసక్తి లేదట. కార్డు ఇవ్వనిది ఈ పెద్దలే, తీసుకోలేదన్నదీ ఈ పెద్దలే! ప్రణతి ఎంత చెప్పినా పెద్ద లైబ్రేరియన్ బిస్వాల్ గారు వినలేదు. నన్ను లైబ్రరీ వరండాలో నిలబెట్టారు. నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని.

కొద్ది రోజులకు గేటు దగ్గర గొడవైంది. ఎర్నమ్మ ముందు, లోలాక్షి వెనక, వాళ్ల వెనక పేటలోని ఆడవాళ్లు. అడ్డమొచ్చిన కాపలాదారును ఖాళీ చేపల బుట్టలతో తోసుకుని వచ్చేశారు. చదువుకునే గదిలో ఉన్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు. బిస్వాల్ గారు పరుగెత్తుకొచ్చారు.

“మా సుభద్ర రైలెక్కిందయ్యా” అంది ఎర్నమ్మ ఒడియాలో. “చంకలో పసిపిల్ల. చేతిలో పైసా లేదు. ఎక్కడ దిగిందో చెప్పండి, వెళ్లిపోతాం.”

ఆయన కంగారుపడ్డారు. “ఎప్పటి నుంచి కనబడట్లేదు? ముందు పోలీసు స్టేషనుకు వెళ్లండమ్మా!”

“పోలీసులెందుకు? ఆమె మీ దగ్గరే ఉంది. ఆ నీలం బండిలో పెట్టి తాళం వేశారు.”

ప్రణతి నా తలుపు తీసి నవల తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. ఒక్క అక్షరం అర్థం కాలేదు. అంతమంది ముందు, తన లైబ్రరీలోనే, తన చేతిలోని పుస్తకం తాను చదవలేకపోవడం ఎలా ఉంటుందో ఆయనకు ఆ రోజు తెలిసిందనుకుంటాను. మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. లోలాక్షి ఎటు పోవాలో తెలియక అత్త చీర కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూసి, పుస్తకం అందించారు.

“కార్డుకు చిరునామా నాది రాయండి సార్” అంది ప్రణతి. “పట్నంలో ఇల్లున్నవాళ్లు హామీ ఇస్తే చాలని మన నిబంధనల్లోనే ఉంది.”

ఉందట! లైబ్రరీలో ఎవరూ తెరవని పుస్తకాల్లో ఆ నిబంధనల పుస్తకం ఒకటన్నమాట. అలా ఇసుకపేట ఆడవాళ్లంతా ప్రణతి ఇంట్లో కాపురముంటున్నట్టు కార్డులు పుట్టాయి.

మర్నాడు నన్ను మళ్లీ ఇసుకలోకి తోశారు. ఆ మధ్యాహ్నమే లోలాక్షి కథ పూర్తి చేసింది. సుభద్ర కొన్నాళ్లు కష్టపడి, చివరికి తిరిగొచ్చి, మొగుడి కాళ్ల మీద పడి క్షమించమంది. అక్కడితో నవల అయిపోయింది.

వలలు కదల్లేదు.

“ఆకరి పేజీ మళ్లా సదువు” అంది ఎర్నమ్మ.

“ఎన్నిసార్లు సదివినా అదే ఉంటాది అత్తా.”

“నానొప్పను. తప్పు సేసినోడు మొగుడైతే ఇదెందుకు కాళ్లట్టుకోవాలి? ఇందుకేనేటి మనం అంత దూరం పోయి దెబ్బలాడినాం? సరిగ్గా సదువు.”

లోలాక్షి పేజీ వైపు చూసింది, అత్త వైపు చూసింది. గొంతు సవరించుకుని, ఆ పేజీలో లేని మాటలు చదవడం మొదలుపెట్టింది. సుభద్ర మళ్లీ రైలెక్కింది. ఏ ఊళ్లో దిగిందో, ఏం పని చేసిందో, కూతుర్ని ఎలా పెంచిందో ఆ సాయంత్రం దాకా చదివింది. ఒడియా రాక ఆ ఊళ్లో నోరు మూసుకుని బతికిన పిల్లకు అన్ని మాటలు ఎక్కడ దాగి ఉన్నాయో నాకు తెలియదు.

ఉప్పుగాలికి నా చక్రాలు పోయాయి. లైబ్రరీ వెనక రేకుల కింద పడి ఉన్నాను. లైబ్రరీ లోపల తెలుగు పుస్తకాల బీరువా ఒకటి పెట్టారు. దాని తాళం లోలాక్షి దగ్గరుంటుంది. ఒక్క తలనొప్పి మాత్రం తీరలేదు. పేటలో కొత్తగా చదువు నేర్చుకున్నవాళ్లు సుభద్ర నవల తీసుకెళ్లి, చివరిదాకా చదివి, మర్నాడే ప్రణతి మీదికి తగువుకొస్తున్నారు. అసలు పేజీలు చింపేసి లైబ్రరీవాళ్లే ఇంకేవో అతికించారట.